మత్తు దిగిన మర్నాడు

పొద్దున్నే పాలు కాగబెట్టడం మా ఇంట్లో నా పని. తూంకుంటలో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అంతే. గిన్నె స్టవ్ మీద పెట్టి పక్కకు కదలకుండా నిలబడి చూస్తాను. పొంగిపోతాయన్న భయంతో కాదు. పొంగడానికి కాస్త ముందు మీగడ కింద ఒక వణుకు పుడుతుంది. ముందు అంచున, తర్వాత మధ్యలో, ఆపైన ఎక్కడ మొదలైందో తెలియకుండా తెరంతా సన్నగా అదురుతుంది. సరిగ్గా అప్పుడే కాగిన పాల వాసన ముక్కుకు తగులుతుంది. నా కుడిచేయి స్టవ్ మీదికి వెళ్లాల్సింది పోయి మెడ వెనక్కి వెళ్తుంది. బొటనవేలితో అక్కడ ఒకసారి నొక్కి చూసుకుంటాను. మెడ పట్టేసిందా అని మా ఆయన చాలాసార్లు అడిగాడు. లేదు, ఎస్తేరు మేడం గుర్తొచ్చింది అంటాను. పాలకూ మెడకూ ఆవిడకూ ఉన్న చుట్టరికం ఏమిటో విడమరిచి చెప్పేలోగా పాలు పొంగి స్టవ్ అంతా పాడవుతుంది. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు అందరికీ గుర్తుంటుంది, నిద్రపుచ్చిన డాక్టరు మొహం కూడా ఎవరికీ గుర్తుండదు. దాని గురించి నాకు పెద్ద దిగులేమీ లేదు, ఎదుటివాళ్లు గాఢంగా నిద్రపోయినప్పుడే మన పని బాగా జరిగినట్టు. మేడ్చల్ రోడ్డులో ఒక ఆసుపత్రిలో నేను పీజీ చదువుతున్నప్పుడు ఆ విభాగానికి పెద్ద డాక్టర్ ఎస్తేరు. పుట్టి పెరిగింది అత్వెల్లిలో, కాపురం యాప్రాల్‌లో. పొట్టి మనిషి. మెడలో స్టెతస్కోపు, ముక్కు చివరన కళ్లద్దాలు, కుడిచేతి వేలికి ఏ రాయీ లేని వెండి ఉంగరం. డాక్టర్లతో ఇంగ్లీషులో మాట్లాడినా, మనసుకు నచ్చిన విషయం వచ్చేసరికి అత్వెల్లి భాషలోకి దిగిపోయేది. మా నాన్న ఉద్యోగం వల్ల మేము భీమవరం వైపు నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లం. నా మాటల్లోని 'అండీ'లను చూసి ఆవిడ నవ్వేది. "నువ్వు పేషెంటుతోని మాట్లాడుతున్నవా, పెండ్లి పిలుపులకు పోయినవా పిల్లా" అనేది.

మొదటి వారంలోనే జరిగిన సంగతి. ఆపరేషన్‌లో గొంతులోకి ఊపిరి గొట్టం వేయాలంటే దవడ, గొంతు, ఒళ్లంతా వదులు కావాలి. అందుకు నిద్రమందు ఇచ్చాక కండరాలను సడలించే మరో మందు ఇస్తాం. అప్పట్లో చిన్న ఆపరేషన్లకు, తొందరలో చేసేవాటికి మేము ఎక్కువగా వాడిన మందు ఒకటుంది. క్షణాల్లో పనిచేస్తుంది, నిమిషాల్లో దిగిపోతుంది. కానీ దానికొక చిత్రమైన అలవాటు. కండరాన్ని వదులు చేసేముందు ఒక్కసారి గిల్లి వదులుతుంది. నేను చూస్తుండగానే ఆ రోజు బల్ల మీదున్న రోగి కనురెప్పల దగ్గర మొదలై, నుదురు, భుజాలు, ఛాతీ మీదుగా చర్మం కింద సన్నని అదురు పరుగెత్తింది. కాలివేళ్ల దాకా పోయి ఆగిపోయింది. తర్వాత మనిషి మొత్తం తడిబట్టలా వాలిపోయాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏం సూస్తున్నవ్ పిల్లా?" అంది మేడం పక్కనుంచి.

"ఫాసిక్యులేషన్స్ మేడం."

"అది పుస్తకంల పేరు. సూస్తే నీకేం యాదికొచ్చింది?"

కాస్త సిగ్గుపడుతూనే, "పాలు మేడం, పొంగేముందు మీగడ అదురుతుంది కదా" అన్నాను. ఆవిడ మాస్కు వెనకాల నవ్వింది. "గా మాట మంచిగుంది. యాది పెట్టుకో" అంది. నాకు మంచి మార్కులు పడ్డాయని సంబరపడ్డాను. అసలు పాఠం మర్నాడు పొద్దున ఉందని నాకు తెలియదు.

మర్నాడు ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లింది. మత్తు డాక్టరు మర్నాడు వార్డుకు వెళ్లడం అప్పటికి నేను చూసి ఎరగను. మేలుకున్నాడా, ఊపిరి బాగుందా, మన పని అయిపోయిందా, అంతే మా లెక్క. ఆవిడ ఆ రోగి మంచం పక్కన నిలబడి కుట్లు ఎలా ఉన్నాయని అడగలేదు. అతని మెడ వెనక బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కి "గీడ నొస్తాందా?" అంది. అతను ఉలిక్కిపడ్డాడు. "మీకెట్ల తెలిసింది మేడం? పొద్దుగాల లేసి నడిచినప్పటి నుంచి నొస్తాంది" అన్నాడు. భుజాలు, పక్కటెముకలు, దవడ, ఒక్కొక్కటీ నొక్కుతూ అడుగుతూ పోయింది. బయటికొచ్చాక నాతో అంది: "మన పని థియేటర్ల ఐపోదు శైలజా. తెల్లారి గీ మెడ కాడ ఐపోతది."

ఈ అలవాటు ఆవిడకు చర్చి దగ్గర పట్టుకుందట. కొత్తగా మత్తు డాక్టరైన రోజుల్లో ఆదివారం ప్రార్థన కాగానే అత్వెల్లి ఆడవాళ్లు ఆవిడను చుట్టుముట్టేవారు. ఒకావిడ పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంది, ఒకావిడ చెవికి, ఒకావిడ ముక్కుకు. కోసిన చోట నొప్పి గురించి ఎవరూ మాట్లాడలేదట. తెల్లారి లేచేసరికి ఒళ్లంతా రోకలితో దంచినట్టు ఉందని అందరిదీ ఒకటే మాట. పాస్టర్ గారు అందరి నొప్పుల కోసం కలిపి ఒక ప్రార్థన చేసేవారట. ఈవిడ మాత్రం ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఎక్కడ, ఎప్పుడు, ఎన్నాళ్లు అని అడిగేది. "పాస్టర్ గారికి జవాబు దొరికేది, నాకు దొరకకపోయేది" అని నవ్వేది. ఆవిడ ప్రశ్నలు అన్నీ అలాంటివే. ఒకటి తేలగానే దాని వెనక ఇంకొకటి నిలబడి ఉండేది.

లలిత మా దగ్గరికి వచ్చింది నేను రెండో ఏడాదిలో ఉండగా. మేడ్చల్ నుంచి నగరంలోకి వెళ్లే బస్సులో కండక్టరు. ఏళ్ల తరబడి ఇంజను మోత మీద, జనం గోల మీద అరిచి అరిచి గొంతులోని రెండు స్వర తీగల మీదా కండ పెరిగింది. రెండింటినీ ఒకేసారి గీరితే మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి విడివిడిగా రెండుసార్లు చేస్తారు. మొదటిది ఇంకెక్కడో చిన్న ఆసుపత్రిలో చేయించుకుంది, ఆపరేషన్ చక్కగానే జరిగింది. రెండోదానికి అక్కడికి పోనంది. మా దగ్గరికి వచ్చి, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు పరీక్షించే గదిలో కూర్చుని, బొంగురు గొంతుతో ఒకటే మాట పట్టుకుంది.

"మత్తు ఒద్దు. తెలివితోనే జెయ్యున్రి. ఎంత నొచ్చినా ఊకుంట."

గొంతు సర్జన్ గారు తల పట్టుకున్నారు. సూక్ష్మదర్శినిలో చూస్తూ వెంట్రుకవాసి కదలకుండా చేయాల్సిన పని అది. మెలకువగా ఉంటే కుదరదు. చేయించుకోకపోతే ఆ గొంతు అలాగే ఉండిపోతుంది, ఆ గొంతుతో కండక్టరు పని సాగదు. అప్పటికే ఆవిడ చాలాకాలంగా సెలవులో ఉంది. నేను నాకు తెలిసిన ధైర్యవచనాలన్నీ చెప్పాను. మత్తు చాలా భద్రమండీ, మేమందరం పక్కనే ఉంటామండీ అన్నాను. పక్కనే ఉంటామన్న మాటకు ఆవిడ ఇంకా బిగుసుకుపోయింది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు, మేడం కళ్లు మాత్రం అక్కడే ఆగాయి.

భర్త రాజు స్కూటర్లు బాగుచేస్తాడు, నెమ్మదైన మనిషి. ఆవిడ తరఫున అతనే జవాబు చెప్పాడు. "మొదటిపాలి స్ట్రెచర్ మీదికెల్లి కిందేసిన్రు మేడం. లేకపోతే గొంతుకు ఆపరేషన్ జేస్తే ఒళ్లంత నొప్పులెందుకుంటయి? అడిగితే అసలు వడలేదన్నరు." మేడం అతని మాట విన్నది, చూసింది మాత్రం లలితను. లలిత అవునని తలూపలేదు, కాదని కూడా ఊపలేదు. కింద నేలను చూస్తోంది. "తమ్మీ, జెర పోయి చాయ్ తాగి రా" అని మేడం అతన్ని పంపించింది. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని, మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చుంది.

"తెల్లారి ఎక్కడెక్కడ నొచ్చింది బిడ్డా? ఏలు వెట్టి సూపియ్యి."

లలిత మెడ చూపించింది. భుజాలు, పక్కటెముకలు, దవడలు. కాసేపాగి తొడలు.

"దెబ్బ మచ్చలున్నయా?"

"లెవ్వు. అద్దం ముంగట నిలవడి ఒళ్లంత సూసుకున్న. ఒక్క మచ్చ లేదు."

"మచ్చ లేకపాయె. నొప్పి ఉండె. నీకేమనిపించింది?"

లలిత కొంగు కొసను వేలికి చుట్టుకుంది. మేడం తొందరపెట్టలేదు. "మీ ఆయనకు చెప్పినవా?" అని మాత్రం అడిగింది.

"నోరు తెర్వద్దన్నరు గద మేడం వారం దినాలు. గొంతు మానాలె అని. నోట్లె మాట నోట్లనే ఉండె. తెర్వొచ్చన్నంక గుడ చెప్పబుద్ధి కాలే."

అప్పుడు మేడం చాలా మామూలు గొంతుతో అడిగింది. "మత్తుల ఉన్నప్పుడు ఎవలన్న ఏమన్న జేసిన్రేమోనని పానం కొట్టుకున్నదా?"

లలిత రెండు చేతులతో మొహం కప్పుకుంది. చాలాసేపు ఏడ్చింది, ఆ బొంగురు గొంతుతో ఏడుపు కూడా సరిగా బయటికి రాలేదు. మేము మందు గురించి చదువుతాం, మోతాదు గురించి చదువుతాం, మర్నాడు ఒళ్లు నొప్పులు ఉండవచ్చు అని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఒక ఆడమనిషి ఇంట్లోకి వెళ్లి, మాట్లాడొద్దన్న వారం రోజులూ ఆవిడతో పాటు అద్దం ముందు నిలబడిందని నేను ఎన్నడూ ఊహించలేదు. పక్కనే ఉంటాం అని నేను ఎందుకు చెప్పానా అనిపించింది.

మేడం ఛఛ అనలేదు, అలా ఎందుకు అనుకున్నావు అనలేదు. "నీకట్ల అనిపించుడు తప్పు గాదు. చెప్పేటోళ్లు లేకపోతే ఎవలకైనా గట్లనే అనిపిస్తది" అంది. తర్వాత ఆ మందు సంగతి చెప్పింది. పాలు పొంగేముందు మీగడ అదురుతుంది చూశావా, ఒంట్లో ప్రతి కండా అలా ఒకసారి తనంతట తనే అదిరి వదులవుతుందని, తెల్లారి లేచి నడిస్తే అలవాటు లేని కూలిపని చేసినట్టు నొప్పి పుడుతుందని చెప్పింది. నా మీగడ ఆవిడ నోట విని నాకు ఒళ్లు జలదరించింది. ఇంకేమైనా అనుమానం ఉంటే దాచుకోవద్దని, లేడీ డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానని కూడా చెప్పింది. వేరే ఏ అనుమానమూ లేదంది లలిత. నొప్పులొక్కటే, వాటికి కారణం తెలియకపోవడమొక్కటే.

కళ్లు తుడుచుకుని అంది: "మీరు మంచోళ్లు మేడం. కానీ మీరు గుడ గదే మందు ఇచ్చేటోళ్లు గద. మీ మాట మీద నా మనసు నిలవడతలేదు."

నేనైతే నొచ్చుకునేదాన్ని. మేడం మొహం వెలిగింది. ఎవరైనా మంచి ప్రశ్న వేస్తే ఆవిడకు పండగ. "నన్ను నమ్మకు. నువ్వే పోయి అడుగు. రోజూ వందలమందిని అడిగేదానివే గద" అంది. వార్డుకు ముందు ఆవిడే వెళ్లి, ఇలా ఒకామె వచ్చి మీ నొప్పులు అడుగుతుంది, చెప్పడం ఇష్టమేనా అని ఆ రోగుల దగ్గర ఒప్పుదల తీసుకుంది. తర్వాత లలితను లోపలికి పంపి, మేమిద్దరం గుమ్మం దగ్గరే ఉండిపోయాం. నువ్వు నోరు మెదిపినావంటే ఊరుకోనని నాకు ముందే చెప్పింది.

లలిత మొదటి మంచం దగ్గర కాస్త తడబడింది. రెండో మంచం దగ్గరికొచ్చేసరికి బస్సెక్కింది. ఒక చేత్తో మంచం ఊచ పట్టుకుని, నడుం కాస్త వంచి, టికెట్ అడిగినట్టే అడుగుతోంది. మూడో మంచం మీద ఉన్నవాడు షామీర్‌పేట దగ్గర కోళ్ల ఫారంలో వ్యాను నడిపే మనిషి. భారీ శరీరం, గుబురు మీసం. ముందురోజు ఉన్నట్టుండి కడుపునొప్పితో వస్తే అపెండిక్స్ తీశారు.

"తమ్మీ, తెల్లారి లేస్తే ఎక్కడ నొచ్చింది?"

"కోసిన కాడ కంటె మెడ కాడనే ఎక్కువున్నదక్కా. పక్కలు గుడ. గీ దౌడలైతే నమలరాకుంటైనయి."

"తొడలు?"

"ఆఁ, తొడలు గుడ." ఆశ్చర్యంగా చూశాడు.

"మచ్చలున్నయా?"

"లెవ్వక్కా. గదే పరేషాన్. మత్తుల ఉంటే మంచం మీదికెల్లి వడేసిన్రేమో అనుకున్న. అడుగుదామంటే నవ్వుతరని ఊకున్న."

లలిత ఆ మంచం అంచున కూర్చుండిపోయింది. ఆవిడ భుజాలు దిగడం గుమ్మం దగ్గరి నుంచి నాకు కనబడింది. కాసేపటికి ఆ మనిషి చేతి మీద చెయ్యేసి, "ఎవలు వడెయ్యలే తమ్మీ. మందు పని అది. రెండుమూడు దినాల్ల పోతది" అంది. అతను హమ్మయ్య అనుకుని తలగడ మీద వాలాడు. ఒకే మందు, ఒకే చోట నొప్పి. మగవాడికి కిందపడ్డానేమో అనిపించింది, ఆడదానికి ఇంకొకటి అనిపించింది. ఆ తేడా గురించి ఏ పుస్తకమూ రాయదు. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

లలిత మత్తుకు ఒప్పుకుంది. అయితే ఒక షరతు పెట్టింది, ఈసారి ఆ నొప్పులు రాకుండా చూడాలని. దాంతో మాకు కొత్త చదువు మొదలైంది. క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ మేడం నన్ను కదిపింది. ఆ మందుకు ముందే వేరే రకం సడలించే మందు రవ్వంత ఇస్తే కండరాలు అంతగా అదరవు. అది నాకు తెలుసు, చెప్పాను. "అదురు ఆపితే నొప్పి ఆగిపోయినట్టే కదా మేడం" అన్నాను ధీమాగా.

"ఆగిపోతదా? మస్తు అదిరినోళ్లు తెల్లారి లేసి హాయిగ తిరిగిన్రు. అదిరీ అదరనోళ్లు మెడ తిప్పలేకపోయిన్రు. సూసిన నేను. అదురుకు నొప్పికి లంకె ఉన్నది, కానీ మనమనుకున్నంత గట్టిది గాదు."

"మరి ఎందుకొస్తుంది మేడం?"

"పూర్తిగ ఎవలకు తెల్వదు. నాకసలే తెల్వదు. అందుకే గద అడుక్కుంట తిరుగుతున్న" అని ఇరానీ బిస్కెట్ చాయ్‌లో ముంచింది. తెలియదు అని అంత రుచిగా చెప్పే పెద్దవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. మా ఇంట్లో, మా కాలేజీలో, తెలియదనడం పరువు పోయే సంగతి. ఆవిడకు అది కొత్త ఊరికి బస్సు దొరికినట్టు ఉండేది. చివరికి కొద్దిపాటి ముందుమందు, దానికి తోడు నరంలోకి కాస్త తిమ్మిరి మందు, ఒక నొప్పి మందు అనుకున్నాం. దీంతో తగ్గవచ్చు, అసలు రాకుండా పోతుందని మాటివ్వలేం అని లలితకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ ముందుమందు మెలకువగా ఉండగానే ఎక్కుతుంది. రెప్పలు బరువవుతాయి, ఒకటి రెండుగా కనబడుతుంది, మింగడం కష్టమనిపిస్తుంది. భయపడొద్దు, ఆ వెంటనే నిద్రపుచ్చుతాం.

ఆపరేషన్ రోజు మేడం ఆవిడ తలాపున కాకుండా పక్కన, కనబడేచోట నిలబడింది. చెయ్యి పట్టుకుంది. ముందుమందు నేనే ఇచ్చాను. ఊపిరి ఎలా ఉందో చూస్తూ ఆగాం. లలిత రెప్పలు వాలుతున్నాయి, బలవంతంగా ఎత్తి చూస్తోంది.

"మేడం, మీరు ఇద్దరు కనవడుతున్నరు" అంది.

"మంచిగైంది. ఇద్దరం నీ కాడనే ఉన్నం" అంది మేడం.

లలిత నవ్వబోయింది, నిద్రలోకి జారిపోయింది. తర్వాతి మందు ఇచ్చినప్పుడు నేను కనురెప్పల దగ్గర చూశాను, భుజాల దగ్గర చూశాను. ఎడమ చెంప మీద ఒక చిన్న అలికిడి, అంతే. ఈసారి పాలు కదల్లేదు.

మర్నాడు లలిత మళ్లీ మాట్లాడకూడదు. ఈసారి ఆ మౌనానికి మేడం ముందే ఏర్పాటు చేసింది. బస్సులో రేకు మీద ఒక దెబ్బ కొడితే డ్రైవరు ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. అదే లెక్క ఇక్కడ. నొప్పి ఉంటే ఒకటి, లేకపోతే రెండు. మేము వెళ్లేసరికి లలిత మంచం మీద కూర్చుని, ఉంగరం ఉన్న వేలు ఊచ మీద పెట్టి సిద్ధంగా ఉంది. రాజు పక్కన నిలబడి పరీక్ష ఫలితాలు వినేవాడిలా చూస్తున్నాడు. మేడం మెడ వెనక బొటనవేలు పెట్టింది. టక్ టక్. భుజాలు. టక్ టక్. పక్కటెముకలు. టక్ టక్. తొడలు. టక్ టక్, ఈసారి గట్టిగా. కుడి దవడ నొక్కింది. కాస్త ఆలోచించి లలిత ఒక్కటే కొట్టింది.

"ఒకటి మిగిలింది సూడు" అని మేడం నా వైపు తిరిగింది. ఓడిపోయినట్టు కాదు, పొద్దున్నే ఎవరో కొత్త బొమ్మ ఇచ్చినట్టు. గొంతులో పరికరం పెట్టడానికి దవడ ఎత్తి పట్టుకుంటారు, అందువల్లనా, మందు వల్లనా అని అక్కడే మొదలుపెట్టింది. లలిత తల వెనక్కి వాల్చి చప్పుడు లేకుండా నవ్వింది. ఆ నవ్వు చూశాక రాజు మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. భార్య తనకు అసలు సంగతి ఎప్పుడు చెప్పిందో, చెప్పిందో లేదో, మేము అడగలేదు.

కొన్ని నెలల తర్వాత మేడ్చల్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. జనంతో కిక్కిరిసిన బస్సు ఒకటి వచ్చి ఆగింది. లోపలి నుంచి "నడుమ నిలవడకున్రి, ముంగటికి జరుగున్రి, ఇంకా మస్తు జాగ ఉన్నది" అని ఒక గొంతు. గంటలా మోగింది. నేను ఎక్కాల్సిన బస్సు కాదది. అయినా ఎక్కాను.

ఆ తర్వాత నేను అదే ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాను. మేడం రిటైరయ్యే ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడనే స్ట్రెచర్ మీద తెచ్చారు. చర్చిలో ఎవరిదో పెళ్లి, విందు తిని లేవగానే కడుపునొప్పి, అపెండిక్స్. వెంటనే తీయాలి. "మటన్ గట్టిగ తిన్న పిల్లా" అంది నన్ను చూసి, నొప్పిలో కూడా. కడుపు నిండా తిన్నవాళ్లకు తొందరగా పనిచేసే ఆ పాత మందే మా చేతిలో ఉన్న దారి. మింగే శక్తి తగ్గితే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు కాబట్టి అలాంటివాళ్లకు ముందుమందు మంచిది కాదు. ఇది ఆవిడే నాకు నేర్పింది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"మేడం, రేపు ఒళ్లు నొప్పులు, మీకు తెలుసుగా" అని ఆగిపోయాను.

"నాకు తెల్వదు. ఎన్నడు తీస్కున్న గనుక? తెల్వనోళ్లకు చెప్పినట్టే చెప్పు."

చెప్పాను. 'అండీ'లు పక్కన పెట్టి, లలిత తర్వాత ప్రతి రోగికీ ఆవిడ చెప్పగా విని విని నాకు నోటికొచ్చిన మాటలే. "రేపు తెల్లారి మెడ, పక్కలు నొస్తయి. ఎవలు కొట్టలే, ఎవలు వడెయ్యలే, ఎవలు ముట్టుకోలే. మందు పని. రెండుమూడు దినాల్ల పోతది. నేనొచ్చి అడుగుత." ఆవిడ బడిపిల్లలా కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. "వయసు మీదవడ్డోళ్లకు తక్కువొస్తదంటరు. నాకు రాదేమో" అంది. ఆ గొంతులో ఉన్నది భయం కాదు, ఎదురుచూసింది దక్కదేమోనన్న బెంగ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మందు ఇచ్చినప్పుడు ఆవిడ నుదుటి మీద ఆ వణుకు పుట్టింది. నేను కళ్లు తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఆవిడ ఒప్పుకోదు.

మర్నాడు పొద్దున వెళ్లాను. ముక్కులో గొట్టం, ఎండిన పెదవులు, మూసిన కళ్లు. నిద్రపోతోందేమో అనుకుంటూనే మెడ వెనక బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కాను. మంచం ఊచ మీద వెండి ఉంగరం ఒక్కసారి టక్కుమంది. ఆగాను. ఆవిడ కళ్లు తెరిచి నన్ను చూసింది. చాలా ఏళ్లుగా వెతుకుతున్న ఇల్లు దొరికినట్టు ఉంది ఆ చూపు.

"గిట్లుంటదా" అంది.

మేడం పోయి ఏడాది దాటింది. ఇప్పుడు మా థియేటర్లలో వేరే మందులు వచ్చాయి, వాటిని చటుక్కున దింపే మందులు కూడా వచ్చాయి. ఆ వణుకు అరుదుగా కనబడుతుంది, వంటింట్లో తప్ప. అయినా నేను ఏ మందు ఇచ్చినా మర్నాడు ఏమవుతుందో ముందే చెబుతాను, మర్నాడు వార్డుకు వెళ్తాను. కొత్తగా చేరిన పీజీ డాక్టర్లు నా వెనక నిలబడి గడియారాలు చూసుకుంటారు. అక్కడ నొప్పి లేదని ఫైల్లో రాసి ఉంది కదా మేడం అంటారు. ఉంటుంది. ఎవరూ అడగని నొప్పి కూడా అలాగే రాసి ఉంటుంది. నేను మెడ వెనక వేలు పెట్టి, రెండో దెబ్బ వినబడేదాకా అక్కడే ఆగుతాను.